మేకకు ఎంత తూటా కావాలి

ఆక్లాండ్‌లో కొత్తగా తుపాకీ లైసెన్సు చేతికొచ్చిన మన కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. “అన్నా, మేకలకి ఏ క్యాలిబర్ తీసుకోమంటావు?” అడిగేటప్పటికే చాలామంది మనసులో .308 కుదురుకుని ఉంటుంది. పెద్దది కొంటే రేపు జింకకూ పనికొస్తుందన్నది వాళ్ల లెక్క. నేను వెంటనే పేరు చెప్పను. ఎంత దూరం నుంచి కొడతావు, మాంసం ఇంటికి తెచ్చుకుంటావా, కాగితపు గురి మీద ఎన్నాళ్లు సాధన చేశావు అని ఎదురడుగుతాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అది ఉండాల్సిన చట్టమే. న్యూజిలాండ్ సంగతి వేరు. ఈ గడ్డ మీద గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే పాలిచ్చే జంతువేదీ సహజంగా లేదు. మేకలను 1770లలో కెప్టెన్ కుక్ ఓడల మీద తెచ్చి వదిలాడు, తర్వాత వలస వచ్చినవాళ్లు మరిన్ని తెచ్చారు. తప్పించుకున్నవి అడవి పట్టి పెరిగాయి. మేత మేసే పాలిచ్చే జంతువును ఎరగని అడవి కదా, ఇక్కడి మొలకలకు వాటి నుంచి కాచుకునే దారి లేకపోయింది.

ఉత్తర కొసకు అవతల సముద్రంలో త్రీ కింగ్స్ దీవులున్నాయి. ఓడ పగిలి ఒడ్డుకు చేరినవాళ్లకు తిండిగా పనికొస్తాయని 1889లో అక్కడి పెద్ద దీవి మీద నాలుగు మేకలను విడిచారు. 1946లో వేటగాళ్లు వెళ్లి ఆఖరిదాకా కాల్చేసేనాటికి అవి దాదాపు 400 అయ్యాయి. అంతకు ఏడాది ముందు వృక్షశాస్త్రవేత్త జెఫ్ బేలిస్ ఆ దీవిని గాలిస్తే, ప్రపంచంలో మరెక్కడా లేని ఒక జాతి చెట్టు ఒక్కటంటే ఒక్కటి మిగిలి కనిపించింది. దానికి ఆయన పేరే పెట్టారు, పెనాంటియా బేలిసియానా అని. టెకోమాంతే అనే తీగ కూడా అలాగే ఒంటరిగా దొరికింది. ఇప్పుడు ఈ దేశంలో తోటల్లో ఆ రెండూ పెరుగుతున్నాయంటే ఆ ఒక్కో మొక్క పుణ్యమే. పెరట్లో మేకపిల్లలను ఎత్తుకుని తిరిగిన బాల్యం నాది. ఈ కథ తెలిశాకే మేక మీద గురిపెట్టడానికి నా మనసు ఒప్పింది.

ఒప్పుకున్నది చంపడానికి మాత్రమే, హింసించడానికి కాదు. క్యాలిబర్ మాట నాకు అక్కడి నుంచే మొదలవుతుంది.

అడవి మేక పెద్ద జంతువు కాదు. ఆడది 30 కిలోల దగ్గర తూగుతుంది, ముదిరిన పోతు 50 దాటవచ్చు. ముందుకాలి వెనక, రొమ్ములో కిందివైపు, గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉన్న చోటు జానెడు కూడా ఉండదు. బుల్లెట్ అక్కడ తగిలి లోపల విచ్చుకుంటే మేక నాలుగడుగులు వేసి పడిపోతుంది. పొట్టలో తగిలితే అదే మేక కొండచరియ అంచులకు ఎక్కేస్తుంది. వాంగనుయ్ వెనక కొండల్లో ఆ చరియలు మెత్తటి మట్టిరాతివి, నిటారుగా ఉంటాయి, వాటి మీదికి మనిషి వెళ్లలేడు. కళ్లెదుటే గంటల తరబడి అవస్థపడే జీవాన్ని చూస్తూ నిలబడాలి.

బుల్లెట్ పొట్టలోకి ఎందుకు పోతుందంటే, నేను చూసినంతలో చాలాసార్లు కారణం భయం. తుపాకీ భుజాన్ని తన్నుతుందన్న భయం. .308 బుల్లెట్ బరువు 9.7 గ్రాములనుకుంటే గొట్టం దాటేటప్పుడు దాని శక్తి సుమారు 3,600 జౌళ్లు. తేలికపాటి కొండ రైఫిల్లో అది గట్టిగానే తన్నుతుంది. కొత్తవాడు ట్రిగ్గర్ నొక్కే క్షణానికి కళ్లు మూసుకుంటాడు, భుజం బిగించి గుంజుతాడు. గుంజాడని వాడికీ తెలియదు. రేంజిలో వాడికి చెప్పకుండా ఖాళీ గుల్ల పెట్టి ఇవ్వండి, పేలని తుపాకీ గొట్టం ఎలా ఊగుతుందో అప్పుడు చూస్తారు.

.223 దగ్గర ఈ బెడద లేదు. 3.6 గ్రాముల బుల్లెట్, సుమారు 1,700 జౌళ్లు. మనుకా పొదల్లో యాభై, వంద మీటర్ల దూరంలో నిలబడ్డ మేకకు అది ధారాళంగా సరిపోతుంది. తన్ను తక్కువ కాబట్టి పేల్చాక కూడా స్కోప్‌లోంచి కన్ను చెదరదు. బుల్లెట్ ఎక్కడ తగిలిందో మనకే కనిపిస్తుంది, రెండోది అవసరమైతే వెంటనే తెలుస్తుంది. మేకలు మందలో తిరుగుతాయి కాబట్టి దీని విలువ ఇంకా ఎక్కువ. తూటా ధర కూడా తక్కువ. సాధనకు డబ్బు చూసుకోని కుర్రాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

అయితే దూరం పెరిగేకొద్దీ ఆ తేలిక బుల్లెట్టే ఇబ్బంది పెడుతుంది. వంద మీటర్లకు గురి సరిచేసిన .223 మూడు వందల మీటర్ల దగ్గర దాదాపు మూరెడు కిందికి జారుతుంది. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే జానెడుకు పైగా పక్కకు పోతుంది. మేక రొమ్ములో మనకు కావలసిన చోటు జానెడు కూడా లేదని ఇందాకే అనుకున్నాం. అందుకే లోయకు ఈవలి గట్టు మీద కూర్చుని ఆవలి గట్టు మేకలను కొట్టేవాళ్లకు నేను .243 చెబుతాను. 1955లో వించెస్టర్ కంపెనీ .308 గుల్ల మెడను సన్నగా నొక్కి చేసిన తూటా అది. 6.5 గ్రాముల బుల్లెట్, 2,600 జౌళ్ల చిల్లర. గాలికి అంతగా లొంగదు, తన్ను భరించేలా ఉంటుంది. మేకలతో పాటు చిన్నపాటి జింకలు కూడా కావాలనుకుంటే నా ఓటు దానికే.

ఇంట్లో .308 ముందే ఉన్నవాడు ఇంకోటి కొనాల్సిన పనిలేదు. రొమ్ములో కొట్టి, ముందుకాలి భుజాన్ని తప్పించాలి, లేకపోతే ఆ భుజం మాంసం నెత్తురు గడ్డకట్టి కూరకు పనికిరాదు. ఒక మేకను దాటిన బుల్లెట్ వెనకున్న పిల్లను గాయపరుస్తుంది కూడా. కొట్టే మేక మందలోంచి విడిగా నిలబడేదాకా ఆగాల్సిందే, అది ఏ క్యాలిబర్‌కైనా వర్తిస్తుంది. కుందేళ్లకు వాడే .22 రిమ్‌ఫైర్‌తో మేకలను కొట్టేవాళ్లూ ఉన్నారు. దాని శక్తి 200 జౌళ్లు కూడా ఉండదు. తలకు తగిలితే పడుతుందని వాదిస్తారు. తల కదులుతూనే ఉంటుంది, దవడ పగిలిన మేక ఆకలితో చస్తుంది. దాన్ని నేను వేటగా ఒప్పుకోను.

క్యాలిబర్ గురించి ఇంతగా వాదించుకునేవాళ్లు బుల్లెట్ దగ్గర అజాగ్రత్తగా ఉంటారు. సైన్యం వాడే నిండు తొడుగు బుల్లెట్ విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది. కుందేళ్ల కోసం చేసిన పలచటి బుల్లెట్ మేక భుజం ఎముక మీదే చితికిపోయి లోపలికి వెళ్లదు. మధ్యరకం, కొన మెత్తగా ఉండి వెనక గట్టిగా ఉండేది కావాలి. గొట్టం కూడా చూసుకోవాలి. పాత .223 రైఫిళ్లలో గొట్టం లోపలి గాడి ఒక చుట్టు తిరగడానికి 12 అంగుళాలు పడుతుంది. వాటిలో పొడవైన, బరువైన బుల్లెట్ నిలకడగా పోదు. 8 అంగుళాలకే చుట్టు తిరిగే గాడి అయితే పోతుంది. సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొనేముందు ఈ ఒక్కటి అడగండి.

నేను సీసం మానేసి రాగి బుల్లెట్లకు మారాను. సీసం పొడి గాయానికి చాలా దూరం దాకా మాంసంలోకి చిమ్ముతుంది, మా ఇంట్లో పిల్లలు తింటారు. రాగి గట్టిది. వేగం తగ్గితే సరిగ్గా విచ్చుకోదు. అందుకని నా .223తో రెండు వందల మీటర్లు దాటి కొట్టను. మేక అంతకన్నా దూరంలో ఉంటే గాలికి ఎదురుగా పొదల్లో నడిచి దగ్గరికి వెళతాను.