ఎలుకల ఊరు, ఒంటరి వీరుడు

అమెరికన్ రచయిత్రి ఈవ్ టైటస్ 1958లో పిల్లల కోసం ‘బాసిల్ ఆఫ్ బేకర్ స్ట్రీట్’ రచించింది. లండన్‌లో షెర్లాక్ హోమ్స్ ఇంటి నేలమాళిగలో ఎలుకలు ఒక ఊరు కట్టుకున్నాయి. అక్కడి కవలపిల్లలను ముగ్గురు మూషిక దుండగులు ఎత్తుకుపోతారు. వాళ్ళు కోరేది డబ్బు కాదు. ఊరు ఖాళీ చెయ్యాలట! నిలువనీడ లాక్కోవడం నేరమని పసివాళ్ళకు తెలియజెప్పినందుకు రచయిత్రిని మెచ్చుకోవలసిందే.

అయితే ఆ నేరాన్ని ఎదిరించేదెవరు? హోమ్స్ మాటలు చాటుగా విని విద్య నేర్చిన బాసిల్, తోడుగా డాక్టర్ డాసన్. ఊరంతటి గూడును కాపాడే భారాన్ని ఒక్కడి బుర్రకు అప్పగించడమే ఈ కథలోని లోపం. ఆనవాళ్ళను బట్టి నిజం తేల్చే తర్కం పిల్లలకు కావాలి. కలిసి నిలబడే ధైర్యమూ కావాలి. ఈ రెంటినీ ఒకే కథలో ఇమడ్చగలిగినప్పుడే బాలసాహిత్యం పరిపూర్ణమవుతుంది.