సుందరి శవం, ఏడు రోజుల అపవాదు: అసత్యాన్ని నమ్మే చిత్తంపై ఒక విమర్శ

ఉదానంలోని మేఘియ వర్గంలో ఎనిమిదవదైన సుందరీ సుత్తాన్ని సాధారణంగా క్షాంతి బోధగా చదువుతారు. నింద పడినప్పుడు భిక్షువు ఎట్లా సహించాలో అది చెబుతుందని వ్యాఖ్యానిస్తారు. ఈ పఠనం తప్పు కాదు, కాని అసంపూర్ణం. అబద్ధమాడిన వారి కంటే ఆ అబద్ధాన్ని నమ్మిన నగరం గురించే ఈ సుత్తం మనకు ఎక్కువ నేర్పుతుంది. ఆ కోణంలో చదివినప్పుడు దాని బలమూ, దానిలోని ఒక లోపమూ రెండూ కనిపిస్తాయి.

కథ తెలిసినదే. బుద్ధునికీ సంఘానికీ శ్రావస్తిలో దక్కుతున్న సత్కారాన్ని అన్యమత పరివ్రాజకులు సహించలేకపోయారు. తమలోనిదైన సుందరి అనే పరివ్రాజికను తరచుగా జేతవనానికి వెళ్లి రమ్మన్నారు. ఆమె రాకపోకలను జనం చూశారని నిశ్చయించుకున్న తరువాత ఆమెను చంపించి, జేతవనపు కందకంలోనే పాతిపెట్టించారు. పిమ్మట రాజైన ప్రసేనజిత్తు వద్దకు వెళ్లి ఆమె కనిపించడం లేదన్నారు. అనుమానం ఎక్కడని రాజు అడిగితే జేతవనమన్నారు. వెతికి, తాము పాతిన చోటనే తవ్వి, శవాన్ని మంచంపై మోస్తూ వీధివీధినా తిరిగారు. నగరం నమ్మింది. భిక్షకు వచ్చిన భిక్షువులను దూషించింది.

ఎందుకు నమ్మింది? సుందరి జేతవనానికి వెళ్లడం జనం చూశారు, అది నిజం. శవం జేతవనంలో దొరికింది, అదీ నిజం. ఆమెను కోల్పోయినది పరివ్రాజకుల సమూహం. అది కూడా నిజమే. ఈ మూడింటిని కలిపిన ముడి ఒక్కటే అబద్ధం. విశేషమేమంటే, ఆ ముడి వేయడంలో సగం పని జనమే చేశారు. అసత్యవాది వాస్తవాలను అందించాడు, శ్రోత వాటిని జోడించుకున్నాడు. తాను జోడించుకున్నది కనుక అది ఇతరుడు చెప్పిన మాటగా కాక తన సొంత అనుమితిగా శ్రోతకు తోచింది. తన అనుమితిని ఎవరు వదులుకుంటారు?

ఈ మనోధర్మాన్ని ఆధునిక మనశ్శాస్త్రమూ గుర్తించింది. అబద్ధాన్ని పోల్చుకునే సామర్థ్యంపై జరిగిన అనేక పరిశోధనలను చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో క్రోడీకరించారు. మనుషుల తీర్పు సగటున 54 శాతం సందర్భాలలోనే సరి అవుతుందని తేల్చారు. నాణెం ఎగరవేసి చెప్పినా దాదాపు అంతే. ఎదుటివారు నిజమే చెబుతున్నారన్న భావనతోనే మనిషి వినడం మొదలుపెడతాడని టిమొతీ లెవీన్ ప్రతిపాదించాడు. అది లేకపోతే సంభాషణే సాగదు. కనుక నమ్మడం మూర్ఖత్వం కాదు. సమాజం నిలబడడానికి చెల్లించే మూల్యం. అయితే ఆ మూల్యాన్ని అందరూ సమానంగా చెల్లించరు.

ఈ చివరి వాక్యం అర్థం కావడానికి శ్రావస్తిని విడిచి మన పొరుగు అడవికి రావాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపుర్ జిల్లాలో తాల్పేరు ఒడ్డున బాసగూడ ఉంది. అక్కడి దోర్లలకు తెలుగు పరాయి భాష కాదు. 2005 తరువాత సల్వా జుడుం కాలంలో ఈ ప్రాంతపు ఊళ్లు ఖాళీ అయినప్పుడు చాలామంది చర్ల, భద్రాచలం వైపు వచ్చి మిరప తోటల్లో కూలి చేసి బ్రతికారు. తరువాత కొందరు తిరిగి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. 2012 జూన్ 28 రాత్రి, ఏటి ఆవలి సార్కేగూడ, కొత్తగూడ, రాజుపెంట గ్రామాల వారు ఆరుబయట సమావేశమై ఉండగా భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. 17 మంది మరణించారు. వారిలో మైనర్లు ఉన్నారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని గ్రామస్థులు చెప్పారు. మావోయిస్టులు ముందుగా కాల్చారని, చనిపోయినవారు వారేనని అధికారులు ప్రకటించారు. అప్పటి కేంద్ర హోంమంత్రి పి. చిదంబరం కూడా మొదట దానిని విజయవంతమైన చర్యగానే చెప్పి, కొద్ది రోజులకు, సంబంధం లేనివారు మరణించి ఉంటే విచారిస్తున్నానన్నారు.

విశ్రాంత న్యాయమూర్తి వి.కె. అగర్వాల్ ఏకసభ్య కమిషన్ విచారణ జరిపి 2019లో నివేదిక సమర్పించింది. మృతులు మావోయిస్టులనడానికి గాని, గ్రామస్థులు కాల్పులు జరిపారనడానికి గాని తగిన సాక్ష్యం లేదని అది తేల్చింది. దళాలు బహుశా భయాందోళనతో కాల్చి ఉంటాయని, సిబ్బందికి తగిలిన గాయాలు తమవారి తూటాల వల్లనే కావచ్చునని అభిప్రాయపడింది. శ్రావస్తిలో ఏడు రోజులు నిలిచిన అపవాదు ఇక్కడ ఏడేళ్లు నిలిచింది.

ఇక్కడ విమర్శకుడు తొందరపడరాదు. జరిగినదంతా మృషావాదమని ఒక్క మాటలో అనడం శీల విచారణకు తగదు. మృషావాదానికి అట్ఠకథలు నాలుగు అంగాలు చెబుతాయి: విషయం అసత్యం కావడం, వంచించాలనే చిత్తం, దానికి తగిన ప్రయత్నం, ఎదుటివారు ఆ అర్థాన్ని గ్రహించడం. చీకటిలో భయపడి కాల్చినవాడు ఎదుట శత్రువే ఉన్నాడని నిజంగా అనుకొని ఉండవచ్చు. అంతకు రెండేళ్ల ముందు, 2010 ఏప్రిల్‌లో, తాడ్‌మెట్ల వద్ద 76 మంది సిబ్బంది మావోయిస్టుల దాడిలో మరణించారు. ఆ భయం కల్పితం కాదు. సింగాలోవాద సుత్తం చెప్పే నాలుగు అగతులలో భయం ఒకటి. భయంతో చేసినది అకార్యమే, కాని ఆ క్షణాన అది అసత్యం కాదు. అసత్యం తెల్లవారిన తరువాతి ప్రశ్న. శవాలు కనబడిన తరువాత, వయస్సులు తెలిసిన తరువాత, ఊరివారు పేర్లు చెప్పిన తరువాత కూడా అదే ప్రకటన నిలిచినప్పుడు, రెండవ అంగమైన చిత్తాన్ని ప్రశ్నించక తప్పదు.

భ్రమకూ అబద్ధానికీ మధ్య ఉన్న ఈ అంతరాన్ని చంకీ సుత్తం అన్నిటికంటే సూక్ష్మంగా పట్టుకొన్నది. శ్రద్ధ, రుచి, అనుశ్రవం, ఆకార పరివితర్కం, దృష్టికి ఒప్పుదల అనే అయిదు ఆధారాలపై మనిషి నమ్ముతాడని, ఈ అయిదింటిలో ప్రతి ఒక్కటీ నిజమూ కావచ్చు, వట్టిదీ కావచ్చునని బుద్ధుడు కాపఠికునికి చెబుతాడు. అందువల్ల సత్యాన్ని కాపాడగోరేవాడు ఇది నా నమ్మకం అనాలే గాని, ఇదే సత్యం, తక్కినది అసత్యం అనరాదు. అబద్ధమాడకముందే సత్యాన్ని కోల్పోయే స్థలం ఇది. బాసగూడ ఠాణా నుంచి వెలువడిన వార్త నమ్మకంగా కాక నిశ్చయంగా వెలువడింది. అందుకొన్న ప్రతి ఒక్కరూ ముందున్నవాని భుజంపై చేయి వేసి నడిచారు. గుడ్డివారి వరుస అనే ఉపమానం అదే సుత్తంలోనిదని వేరే చెప్పనక్కరలేదు.

మన భాష కూడా ఆ వరుసలో నిలిచింది. ఇటువంటి ఘటనలకు తెలుగు పత్రికలు వాడే మాట ఎదురుకాల్పులు. ఆ సమాసంలోని ఎదురు అన్న పూర్వపదమే రెండవ పక్షం కూడా కాల్చిందని తీర్పు చెప్పేస్తున్నది. క్రియాపదం చేరకముందే పాఠకుడు నమ్మివేస్తాడు. సుందరి శవాన్ని మోసిన మంచం వంటిదే ఈ మాట. శవం ఉన్నది కనుక నేరం ఉన్నది, మోస్తున్నవారు చెబుతున్నారు కనుక నేరస్థుడు తెలిసినవాడే! ఇన్‌ఫార్మర్ అనే ముద్రతో మావోయిస్టులు ఆదివాసులను చంపినప్పుడూ ఇదే తర్కం పనిచేసింది. చంపబడడమే అపరాధానికి రుజువయింది. ఇరువైపులా చనిపోయినవారికి మారు చెప్పే నోరు లేదు. మూల్యాన్ని అందరూ సమానంగా చెల్లించరన్నది ఈ అర్థంలోనే.

ఇప్పుడు సుత్తంలోని లోపానికి వద్దాం. ఉదాన పాఠంలో అపవాదు ఎట్లా తొలగింది? ఏడు రోజులకు మించి ఇది నిలవదని బుద్ధుడన్నాడు. అసత్యం పలికేవాని గతిని తెలిపే గాథను దూషించినవారికి వినిపించమన్నాడు. అది విన్న జనం, శాక్యపుత్రులు ఇట్లా శపథం చేస్తున్నారంటే వారు దోషులు కారని అనుకున్నారు. అంటే శవాన్ని చూసి అబద్ధాన్ని నమ్మిన నగరం, భిక్షువుల నిబ్బరాన్ని చూసి నిజాన్ని నమ్మింది. రెండుసార్లూ విచారణ లేదు. శ్రద్ధ ఒకరి నుంచి మరొకరికి మారింది, అంతే. నిజం గెలిచింది గాని నగరం ఏమీ నేర్చుకోలేదు.

ధమ్మపదట్ఠకథ ఈ వెలితిని గుర్తించినట్లున్నది. 306వ గాథకు చెప్పిన కథలో, సుందరిని ఇతరులెవరైనా చంపారేమో తెలుసుకొమ్మని రాజు మనుషులను పంపుతాడు. కూలి డబ్బుతో తాగి తగవుపడిన హంతకులు పట్టుబడతారు. రాజు ఆ పరివ్రాజకులకు విధించినది గమనించదగినది: నగరమంతా తిరిగి, సుందరిని చంపించినది తామేనని, గౌతమునిదిగాని ఆయన శ్రావకులదిగాని దోషం లేదని స్వయంగా చాటాలి. అబద్ధం ఏ వీధుల్లో తిరిగిందో నిజం కూడా ఆ వీధుల్లోనే, అదే నోటితో తిరగాలన్నది అట్ఠకథ తీర్పు. దండన కంటే ముందు ఈ చాటింపును చెప్పడంలో గొప్ప వివేకం ఉన్నది.

రెండు పాఠాలూ తాకని ప్రశ్న మరొకటి మిగిలి ఉంది. సుందరి కోసం ఎవరు దుఃఖించారు? ఉదానంలో ఆమె అపవాదుకు సాధనం, అట్ఠకథలో నేరానికి సాక్ష్యం. భిక్షుసంఘం నిర్దోషమని తేలినంతనే కథ ముగుస్తుంది. ఏడు రోజులు ఓర్చుకోండి అన్న బోధ నింద పడి బ్రతికి ఉన్నవారికి ఔషధం. చంపబడినవారికి అది సమాధానం కాదు. ఆ బోధను సందర్భం నుంచి తీసి, నిజం ఎప్పటికైనా బయటపడుతుందిలే అని సార్కేగూడ తల్లులకు చెప్పడం ధర్మాన్ని దుర్వినియోగం చేయడమే. నిజం దానంతట అది బయటపడలేదు. గ్రామస్థులు ఏళ్ల తరబడి సాక్ష్యం చెబితే, ఒక న్యాయమూర్తి వింటే బయటపడింది.

కమిషన్ నివేదిక 2019 డిసెంబరులో రాయ్‌పుర్‌లోని శాసనసభ ముందుకు వచ్చింది. 17 మందిని మావోయిస్టులన్న ప్రకటన మాత్రం దేశమంతటికీ, తెలుగు పాఠకులకూ ఆ మర్నాడే చేరింది. ప్రసేనజిత్తు కొలమానంతో చూస్తే ఈ అంతరమే ఇంకా తీరని ఋణం. అబద్ధం చెప్పినవారి ఋణం రాజ్యం తేల్చవలసినది. నమ్మినవారి ఋణం మనది. సత్యరక్షణ ఉపాసకునికి నోటి శీలం మాత్రమే కాదు, చెవి శీలం కూడా.