జిన్నీకన్నా ముందు తూకం

‘వేయిన్నొక్క రాత్రులు’ కథా సంపుటికి సంబంధించి మనకు దక్కిన తొలి పాఠకాభిప్రాయాలలో ఒకటి బాగ్దాద్ నుంచి వచ్చింది. పుస్తక విక్రేతల కుటుంబానికి చెందిన ఇబ్న్ అల్ నదీమ్ 987 ప్రాంతంలో తన గ్రంథసూచి ‘ఫిహ్రిస్త్’లో, ఈ సంపుటికి మాతృకగా భావించే పారశీక కథల పుస్తకాన్ని మొరటుదనీ, కథనం చప్పగా ఉందనీ తేల్చివేశాడు. దానిని ఆసాంతం చాలాసార్లు చూశానని కూడా ఆయనే రాసుకున్నాడు. చప్పటి పుస్తకాన్ని అన్నిసార్లు ఎందుకు తిరగేశాడో మాత్రం చెప్పలేదు.

పండితుని మాట అలా ఉండగా, మామూలు పాఠకుడు ఏమనుకున్నాడో తెలిపే ఆధారం కైరోలో దొరికింది. ఒక యూదు పుస్తక వ్యాపారి పన్నెండవ శతాబ్దపు మధ్యకాలంలో తన చిట్టాలో ఫలానావారు ‘వేయిన్నొక్క రాత్రులు’ అరువు తీసుకున్నారని రాసుకున్నాడు. ఆ పేరుతో ఈ పుస్తకం ప్రస్తావనకు రావడం మనకు తెలిసినంతలో అదే మొదలు. అందులో పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. పుస్తకం ఒక చేతి నుంచి మరో చేతికి మారిందన్న లెక్క మాత్రం ఉంది.

తరువాతి అభిప్రాయాలు ప్రధానంగా రెండు దారులు పట్టాయి. మొదటిది అశ్లీలమన్న ఆరోపణ. 1985లో ఈజిప్టు న్యాయస్థానం ఒకటి పరిష్కరించని ప్రతులను జప్తు చేయమన్నది. పై న్యాయస్థానం ఆ తీర్పును రద్దు చేసింది. 2010లో కొందరు న్యాయవాదులు అదే ఫిర్యాదు మళ్ళీ తెచ్చారు, అదీ నిలవలేదు. రెండవది, ఇవి పిల్లల కాలక్షేపానికి పనికివచ్చే కట్టుకథలన్న చిన్నచూపు. తెలుగులో ఎక్కువగా స్థిరపడినది ఈ రెండవదే. అరబ్బు సాహిత్య విమర్శ ఈ సంపుటిని తీవ్రంగా పట్టించుకున్న సందర్భాలలో, తాహా హుసేన్ పర్యవేక్షణలో సుహైర్ అల్ కలమావీ కైరోలో చేసిన పరిశోధన ముఖ్యమైనది.

ఈ అభిప్రాయాలు చెప్పినవారిలో ఒక పాఠకుడు కనిపించడు. అతడిని ఊహించడానికి అమ్ఘరా తగిన చోటు. కువైట్ నగరానికి పడమరగా, జహ్రా గవర్నరేట్‌లో ఉన్న పారిశ్రామిక వాడ అది. పాత ఇనుము, తుక్కు వాహనాల విడిభాగాలు, కలప, వాడి పారేసిన సామాను అక్కడి సరుకు. ఆ తుక్కును స్థానికులు ‘సక్రాబ్’ అంటారు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు వెళ్ళే శ్రామికులకు ఎండ, తూకం, ధర ప్రతిపూటా ఎదురయ్యే విషయాలు. అటువంటి మనిషి ఈ సంపుటిని చదివితే మొట్టమొదట ఏది కంటబడుతుంది?

బెస్తవాని కథ చూద్దాం. ముసలివాడు, నిరుపేద, భార్యాబిడ్డలను పోషించాలి. మొదటిసారి వలలో చచ్చిన గాడిద పడుతుంది. రెండవసారి బురద నిండిన జాడీ, మూడవసారి కుండపెంకులు, గాజుముక్కలు. నాలుగవసారి సీసంతో ముద్రవేసిన ఇత్తడి కూజా దొరుకుతుంది. అతనికి అప్పటికి జిన్నీ గురించిన ఆలోచనే లేదు. దీనిని రాగి బజారులో అమ్మితే ఎంత వస్తుందన్నదే మొదటి తలపు. అరబ్బీ పాఠాలలో ఆ విలువ ఒకచోట పది బంగారు దీనార్లు. ముహ్సిన్ మహ్దీ 1984లో పరిష్కరించిన పాత పాఠంలో రెండు కొలతల గోధుమలు. పాఠకులు జ్ఞాపకం ఉంచుకున్నది పొగలోంచి లేచిన భూతాన్ని. కథ చెప్పినవాడు మాత్రం ముందు లోహాన్ని తూచి చూపించాడు, ఆ తరువాతే మూత తీయించాడు. గోధుమల లెక్క చెప్పిన పాఠమే మెరుగైనది, ఎందుకంటే అందులో ఆకలి కూడా ఉంది.

అల్లావుద్దీన్ కథ అరబ్బీ ప్రాచీన ప్రతులలో లేదు. 1709లో హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు పారిస్‌లో చెప్పగా ఫ్రెంచి అనువాదకుడు గాలాఁ గ్రహించి తన సంపుటిలో చేర్చాడు. అందులోనూ తూకమే. వర్తకుడు ఒక్కొక్క వెండి పళ్ళానికి ఒక్క బంగారు నాణెం ఇచ్చి దర్జీ కొడుకును మోసగిస్తాడు; నిజాయితీగల కంసాలి 72 నాణేలు ఇస్తాడు. పాత దీపాలకు కొత్త దీపాలు ఇస్తానని మాంత్రికుడు వీధిలో అరిచినప్పుడు పిల్లలు పగలబడి నవ్వుతారు. తుక్కు కొనేవాడెవడూ చేయని బేరమది. ఆ అసంభవాన్ని పసివాళ్ళు పసిగట్టగా, అంతఃపురంలో ధర తెలియని రాకుమారి మోసపోతుంది.

ఈ చూపు తెలుగువారికి కొత్త కానక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో కాశీకి తోడు వచ్చే గోపకుమారుడు మజిలీకొక కథ చెప్పాలని షరతు పెడతాడు. కథే అతని నడకకు కూలి. 1951 నాటి ‘పాతాళభైరవి’ నాయకుడు తోటవాని కొడుకు. అయినా మన విమర్శ ఈ కథలలోని మాయను మెచ్చుకోవడమో, ఆక్షేపించడమో చేసింది గాని, మాయ అవసరపడిన మనుషుల బతుకుతెరువును పరిశీలించినది తక్కువ.

శ్రామికుని పక్షాన చదివినంత మాత్రాన సంపుటి లోపాలు మాసిపోవు. ఖలీఫాల ఐశ్వర్యాన్ని పుటలకొద్దీ వర్ణిస్తూ మైమరచిపోయే కథలు చాలానే ఉన్నాయి. అంతకన్నా బాధాకరమైనది నల్లజాతి బానిసల చిత్రణ. మొత్తం కథలకు చట్రమైన తొలి కథలోనే అది క్రూరంగా, హేయంగా ఉంది. అశ్లీలమని కోర్టుకెక్కినవారి ఫిర్యాదు దీని మీద కాదు.

సింద్‌బాద్ కథ దగ్గర ఈ పాఠకుడు ఎక్కువసేపు ఆగుతాడు. అందులో సింద్‌బాద్‌లు ఇద్దరు. ఒకడు ఏడు సముద్రయానాలు చేసి సంపన్నుడైన వర్తకుడు. రెండవవాడు ఎండలో బరువు మోసి, ఆ వర్తకుని గుమ్మం ముందు అరుగు మీద మూట దించి, తన రాతను తలచుకుని వాపోయే కూలి. లోపలికి పిలిచి వర్తకుడు తన కష్టాలన్నీ చెబుతాడు: ఈ సంపద ఊరకే రాలేదు, ఇన్ని ఆపదలు దాటితే వచ్చిందని. సమర్థన బాగానే ఉంది. అయితే కూలి పడిన కష్టాలు చెప్పమని ఎవరూ అడగరు. రోజూ భోజనం పెట్టి, నూరు బంగారు మిస్కాలులు ఇచ్చి పంపుతారు. మరునాడు అతడు మళ్ళీ వచ్చి వింటాడు.