పాళీకి గాలాడాలి

అరసవల్లి ఎండకు పేరుంది. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వెళ్లి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. అది చూడడానికి జనం తెల్లవారకముందే బారులు తీరతారు. అదే ఎండ జేబులోని ఇంకు పెన్నును ఏం చేస్తుందో చూడడానికి ఇంటికొచ్చి చొక్కా విప్పితే చాలు. జేబు కింద అరచేతంత నీలి మచ్చ. "పెన్ను కక్కీసింది" అంటాం మా శ్రీకాకుళం వైపు.

కక్కిన పెన్నును చూసి అందరూ ముందు మరను అనుమానిస్తారు. మర వదులైతే కారే మాట నిజమే కానీ, చాలాసార్లు దోషం గాలిది. ఫిల్లరుతో గొట్టంలోకి నేరుగా ఇంకు పోసుకునే పెన్నులో ఇంకు తగ్గేకొద్దీ ఆ చోటు గాలి ఆక్రమిస్తుంది. పావు వంతు ఇంకు మిగిలిన పెన్నులో మూడు మిల్లీలీటర్ల గాలి ఉందనుకుందాం. నీడలో 25 డిగ్రీల దగ్గర ఉన్న ఆ గాలి ఒంటి వేడికీ ఎండకీ 35కు చేరితే సుమారు 3 శాతం ఉబ్బుతుంది. అంటే 0.1 మిల్లీలీటరు, చుక్కల్లో చెప్పాలంటే రెండు. ఆ రెండు చుక్కలూ పాళీలోంచే బయటికి రావాలి, వాటికి వేరే దారి లేదు. అందుకే నిండా ఇంకున్న పెన్ను కంటే అడుగంటిన పెన్నుకే కక్కే గుణం ఎక్కువ. మూడో వంతుకు తగ్గకముందే నింపుకోవడం, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోవడం, రాయబోయే ముందు పాళీ పైకే ఉంచి గొట్టాన్ని గుప్పిట్లో ఒక నిమిషం వెచ్చబెట్టడం. ఈ మూడూ చేస్తే సగం చొక్కాలు బతుకుతాయి.

పెన్ను రాయకపోయినా లెక్క ఇదే, తిరగబడి ఉంటుంది. చుక్క ఇంకు బయటికి రావాలంటే చుక్కంత గాలి లోపలికి పోవాలి. ఈ రాకపోకలను చూసుకునేది పాళీ కింద దాక్కున్న నల్లటి ముక్క. మేం దాన్ని నాలిక అంటాం. 1884లో న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న పెన్నులో అసలు సంగతి ఈ నాలికే. దాని వీపు మీది గాడిలో సన్నటి గీతలు కోసి, ఇంకు దిగే దారినీ గాలి ఎక్కే దారినీ ఒకే చోట సర్దాడు. మనం పాళీ బంగారమా, ఉక్కా అని చూస్తాం. నాలికను తిప్పి చూసేవాళ్లు అరుదు.

చూసినవాళ్లు రాజమండ్రిలో ఉన్నారు. మాకు సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరం. స్వదేశీ ఉద్యమ కాలంలో కోసూరి వెంకటరత్నం అక్కడ పెన్నులు చేశారు. గాంధీజీ ఆయన పెన్ను వాడి చూసి 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రత్నం పెన్నులకు ఆ ఉత్తరంతో వచ్చిన పేరు ఇప్పటికీ పోలేదు. ఆ ఊరి పెన్నుల గొట్టాలు ఎబొనైటువి, లేతు మీద తిప్పినవి. ఎబొనైటంటే రబ్బరుకు గంధకం బాగా పట్టించి వేడిచేసి గట్టిపరిచిన సరుకు. ప్లాస్టిక్ మీద నీరు ముత్యాల్లా జారిపోతుంది, ఎబొనైటు నాలిక మీద ఇంకు పరుచుకుంటుంది. పాత పెన్నులు ధారాళంగా రాయడంలో సగం రహస్యం ఇది. అయితే ఎబొనైటుకు సూర్యుడంటే పడదు. ఎండలో వదిలేస్తే నిగనిగలాడే నలుపు పోయి పసరు రంగు తిరుగుతుంది. సూర్యదేవుడి ఊళ్లో ఉన్నవాళ్లు ఆ పెన్నును గూట్లో పెట్టుకోక తప్పదు.

ఇక మొరాయించిన పెన్ను సంగతి. బళ్లో మాకు తెలిసిన వైద్యం విదిలించడం ఒక్కటే. నేల మీద, గోడ మీద, ముందు బెంచీవాడి చొక్కా మీద. ఎక్కువైతే సుద్దముక్కతో పీల్పించేవాళ్లం, అదీ లేకపోతే పాళీని జుట్టుకు తుడిచేవాళ్లం. విదిలిస్తే ఒక్క చుక్క బలవంతాన వస్తుంది, నాలుగు అక్షరాలు పడతాయి, మళ్లీ ఆగిపోతుంది. లోపల ఎండిన ఇంకు గాడిని మూసేసి ఉండగా బలం చూపించి లాభం లేదు.

ముందు కడగాలి. పది పెన్నుల్లో ఏడెనిమిదింటికి ఈ పని చాలని నా అనుభవం. సూది తీసేసిన సిరంజితో, పాళీ బిగించి ఉండే మెడ వెనకనుంచి చన్నీళ్లు పంపితే పాళీలోంచి నీలం దిగుతుంది. అది తేటపడేదాకా ఓపిక పట్టాలి. కొత్త పెన్నయితే తయారీలో అంటిన నూనె కూడా పోవాలి కాబట్టి గ్లాసుడు నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి కడిగి, ఆపైన మంచినీళ్లతో మళ్లీ కడగాలి. బాగా బిగిసిపోయిన దాన్ని రాత్రంతా నానబెట్టడమే మేలు. వేణ్నీళ్లు త్వరగా పని చేస్తాయని గొట్టాన్ని ముంచితే ఎబొనైటు రంగు పోతుంది. గోళ్ల రంగు తుడిచే మందు జోలికి అసలు వెళ్లొద్దు, అది కొన్ని ప్లాస్టిక్కుల్ని కరిగిస్తుంది. మర బిగుతుకు కొబ్బరినూనె రాసే అలవాటు ఒకటుంది. ఆ నూనె నాలిక దాకా పాకితే ఇంకు అంటదు. దాని బదులు సిలికాన్ గ్రీజు పిసరంత చాలు.

కడిగినా రాయకపోతే చీలిక వైపు చూడాలి. ఇక్కడే మా నాన్న బ్లేడు తీసేవారు. గెడ్డం బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. కొస దగ్గర పాళీ చీలిక అంతకంటే ఎంతో సన్నం. బ్లేడు దూర్చిన రోజు పెన్ను అద్భుతంగా రాసేది, మర్నాటికి పేజీ అంతా అలికేది. చీలికకు రెండు వైపులా ఉన్న పాళీ రేకులు ఒకసారి విచ్చుకున్నాక అదే దూరానికి తేవడం ఇంట్లోవాళ్ల వల్ల కాదు. భూతద్దంలో చూసి, చీలికలో కాగితం పీచు చిక్కుకుంటే 0.05 మిల్లీమీటర్ల ఇత్తడి రేకుతో ఒకటి రెండుసార్లు మెల్లగా లాగితే సరిపోతుంది. రేకులు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటే బొటనవేళ్ల గోళ్లతో వెంట్రుకవాసి ఎడం చేయాలి. చేసి, రాసి, చూసి, మళ్లీ చేయాలి.

పాళీకీ నాలికకీ మధ్య సందు వస్తే ఇంకు అక్కడే తెగిపోతుంది. ఎబొనైటు నాలిక ఉన్నవాళ్లు అదృష్టవంతులు. సైకిలు ట్యూబు ముక్కతో పాళీనీ నాలికనీ కలిపి పట్టుకుని, మెలిపెట్టకుండా సూటిగా లాగాలి. వాటిని మాత్రం వేణ్నీళ్లలో అర నిమిషం ఉంచి, మెత్తబడ్డ నాలికను పాళీకి వేలితో అదిమి పట్టుకుంటే చల్లారేసరికి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. గొట్టానికి వద్దన్న వేణ్నీళ్లు నాలికకు మందు. అది పాళీ చాటున ఉండేదే కాబట్టి రంగు మారినా చూసేవాళ్లుండరు.

ఇంకులో మనం చేసే అపచారాలు ఇంకో రకం. రెండు కంపెనీల ఇంకులు కలిపితే అడుగున మడ్డి దిగవచ్చు. బోరు నీళ్లు కలిపితే ఇంకు పలచబడుతుంది, సున్నం మిగులుతుంది. కరక్కాయ, అన్నభేదితో పెద్దలు కాచిన సిరా ముంచి రాసే కలానికి మహా గొప్పది, నాలిక ఉన్న పెన్నులో మాత్రం పేరుకుంటుంది. బొమ్మలకు వాడే లక్క కలిసిన నల్ల ఇంకు ఒక్కసారి ఎండిందా, ఇక ఆ పెన్నును ప్రదర్శనకు పెట్టుకోవాల్సిందే.

బాగైందో లేదో నేను ఒక్క అక్షరంతో పరీక్షిస్తాను: శ్రీ. అడ్డగీతలతో పాళీని పరీక్షిస్తే ఇంకు దిగడం తెలుస్తుంది కానీ గుండ్రాల్లో తెగడం తెలియదు. మన అక్షరాల్లో పాళీ ఎక్కువసేపు కాగితానికి ఎదురు తిరుగుతుంది. గుడి దీర్ఘం మెలికలో, రావత్తు కిందినుంచి చుట్టుకుపోయే చోట ఇంకు తెగితే పని ఇంకా మిగిలే ఉంది. పదిసార్లు ఆగకుండా శ్రీ చుడితే నాలిక నిజం చెప్పేస్తుంది. శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు 1997లో తెరిచిన కథల గ్రంథాలయం కథానిలయానికి వెళ్లి ఆ బీరువాల ముందు నిలబడితే నాకు ఇదే ఊహ వస్తుంది: అచ్చుకు పోకముందు ఎన్ని కథలు మధ్యలో పెన్ను ఆగి, కడిగి, మళ్లీ మొదలై ఉంటాయో.

కడిగిన పెన్నును నేను వెంటనే నింపను. రాత్రికి పాళీ కిందికి ఉండేలా గ్లాసులో అడుగున టిష్యూ మడిచి నిలబెడతాను. మిగిలిన నీళ్లు ఆ కాగితంలోకి దిగుతాయి. పొద్దున మచ్చ లేత నీలంగా ఉంటే ఇంకోసారి కడుగుతాను. రంగు లేకుండా ఉంటే బుడ్డి మూత తీస్తాను.