దాతను ఎవరితో పోల్చవలె?

మూత్రపిండదానమును గూర్చిన వ్యాసములలో, సామాన్యజనులకంటె దాతలకే మూత్రపిండములు చెడుట తక్కువ యను ఓదార్పు తరచు కనబడును. మాట నిజమే గాని పోలిక సరికాదు. దాతలు ముందే పరీక్షించి ఎన్నుకొన్న ఆరోగ్యవంతులు. 2014లో అమెరికాలో వెలువడిన పరిశీలన 96,217 మంది దాతలను, అంతే ఆరోగ్యముగల ఇతరులతో పోల్చెను. 15 ఏండ్లలో మూత్రపిండములు పూర్తిగా చెడినవారు పదివేలకు దాతలలో సుమారు 31, ఇతరులలో 4. ముప్పు స్వల్పమే, శూన్యము కాదు.

దాత రక్తబంధువైనచో రోగకారణము దాతలోను ఉండవచ్చును. వ్యాధికి కారణము పూర్తిగా తేలని శ్రీకాకుళపు ఉద్దానములో ఈ సందేహము మరింత బలమైనది.

రావల్కోల్ వంటి పల్లెలో తమ్మునికి మూత్రపిండ మిచ్చి పొలమునకు మరలిన అక్కకు ఏటేట రక్తపుపోటు, మూత్రపరీక్షలు అవసరమని చెప్పని వ్యాసము, ఆమె త్యాగమును ఎంత పొగడినను, ఆమెకు మేలు చేయదు.