రేపు మళ్లీ వింటానని చెప్పండి

2020లో శార్వరి ఉగాది, దేశమంతటా లాక్‌డౌన్ ఒకే రోజున వచ్చాయి, మార్చి 25న. అప్పటికే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. టాటానగర్‌లో బండెక్కితే విజయనగరంలోనో, శ్రీకాకుళం రోడ్డులోనో దిగొచ్చన్న ధైర్యంతో జంషెడ్‌పూర్‌లో తరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లం. ఆ ధైర్యం పోయింది. ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది. ఏటా బిష్టుపూర్ రామమందిరంలో కలిసేవాళ్లం ఎవరిళ్లలో వాళ్లం ఉండిపోయాం.

ఊళ్లోని ఉక్కు కంపెనీ మాత్రం పూర్తిగా ఆగలేదు. ఉక్కు కొలిమిని తోచినప్పుడు ఆర్పి, తోచినప్పుడు వెలిగించడానికి వీల్లేదు. డ్యూటీకి వెళ్లొచ్చిన మనిషి ఇంట్లోనే వేరే గదిలో పడుకునేవాడు. సొంతూరికే కాదు, పక్క గదికీ దూరమయ్యాం.

మొదట్లో అందరం అందరికీ ఫోన్లు చేసుకున్నాం. బాగున్నారా, తిన్నారా, మీ వైపు కేసులెన్ని? కొద్ది రోజులకే ఆ మాటలు అరిగిపోయాయి. గడప దాటని మనిషి దగ్గర రోజూ కొత్త కబురు ఎక్కణ్ణుంచి వస్తుంది? కలిసి చేసే పని ఒకటి కావాలి. మాకా పని పద్యం ఇచ్చింది.

సాయంత్రం దీపం పెట్టాక కాన్ఫరెన్స్ కాల్. జంషెడ్‌పూర్‌లోనే కద్మాలో నేను, టెల్కోలో మా చెల్లెలు, దాని మనవడు, టెక్కలిలో మా పెద్దమ్మ. రోజుకో పద్యం నేర్చుకోవడం, నిన్నటిది అప్పజెప్పడం. మనవడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. బడిలో వాడు నేర్చింది హిందీ, ఇంగ్లిష్. కాబట్టి అంతా చెవి మీదే నడవాలి.

సుమతీ శతకంతో మొదలుపెట్టాం. కంద పద్యంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకటే ప్రాస. వాడు మూడో పాదం దగ్గర ఆగితే ఆ అక్షరం ఒక్కటే అందించేదాన్ని, పాదమంతా వచ్చేసేది. వేమన ఆటవెలదుల్లో మాటలు ఇంకా తేలిక. అయినా ప్రాస నియమం లేదు కనుక పాదం మారే చోట వాడు ఎక్కువగా తడబడేవాడు. ఆ తర్వాత పోతన గజేంద్రమోక్షానికి వెళ్లాం.

అందరం ఒక్కసారిగా చదవబోతే కుదరలేదు. ఫోన్లో ఒకరి గొంతు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, పద్యం ముక్కలైపోతుంది. అందుకని తలా ఒక పాదం పంచుకున్నాం. "ఇయ్యాల నువ్వు ముందు సెప్పు, తరవాత నానెత్తుకుంతాను" అనేది పెద్దమ్మ. నాలుగు పాదాలు నాలుగు నోళ్లలో ఉంటే ఒక్కరు రాకపోయినా పద్యం ఆగిపోతుంది. లేవబుద్ధి కాని రోజులు నాకూ ఉన్నాయి. మూడో పాదం నాదే కదా అని లేచి ముఖం కడుక్కుని ఫోను దగ్గర కూర్చునేదాన్ని.

పద్యం అయ్యాక కబుర్లు వాటంతటవే వచ్చేవి. మే 1న వలస కూలీలతో తొలి శ్రామిక్ రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి మా జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ సాయంత్రం పద్యం ముగిశాక చాలాసేపు ఆ కూలీల గురించే మాట్లాడుకున్నాం. అంతసేపు ఫోన్లో కూర్చుని చాలా రోజులైంది.

మనిషికి ఉత్సాహం ఉపదేశంతో రాదని నాకప్పుడు తెలిసింది. తన వంతు కోసం అవతల ఒకరు కాచుకుని ఉన్నారని తెలిస్తే వస్తుంది.

రైళ్లు మళ్లీ నడుస్తున్నాయి. ఒంటరితనం మాత్రం పోలేదు. పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోగా ఇద్దరే మిగిలిన ఇళ్లు, ఒక్కరే మిగిలిన ఇళ్లు కద్మాలోనూ సోనారీలోనూ ఉన్నాయి. వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం అడగండి. దాంతోపాటు ఒక పనీ అప్పగించండి. పద్యం కావచ్చు, పాత పాట కావచ్చు, ఆవకాయ కొలత కావచ్చు. రేపు మళ్లీ వింటానని చెప్పి, చెప్పిన వేళకే చేయండి. మనిషిని నిలబెట్టేది ఆ రెండో రోజు ఫోనే.