విదేశీ సాయం: పగ్గం ఎవరి చేతిలో?

సాహిత్య విమర్శ రాసుకొనేవాడికి అంతర్జాతీయ ఒడంబడికలతో ఏం పని అని మిత్రులు కొందరు నన్ను అడిగారు. నా సమాధానం ఒక్కటే. కావ్యంలోనైనా కరారునామాలోనైనా ఉండేవి మాటలే. ఆ మాటలు ఎవరు ఎవరితో అంటున్నారు, ఏ మాట గట్టిగా అన్నారు, ఏ మాట దగ్గర గొంతు తగ్గించారు అని పరిశీలించడమే విమర్శకుడి పని. కోట్లాది పేదల బతుకులతో ముడిపడిన రచనను వదిలిపెట్టి, పదిమంది చదివే ఖండకావ్యాన్ని మాత్రమే తూచుతూ కూర్చుంటే మన విమర్శ పెద్దమనుషుల కాలక్షేపంగా మిగిలిపోతుంది.

నేనిక్కడ పరిశీలించదలచిన రచన, సాయం సఫలం కావడాన్ని గురించి 2005 మార్చి 2వ తేదీన పారిస్ నగరంలో ఆమోదించిన ప్రకటన. సాయమిచ్చే దేశాలూ, పుచ్చుకొనే దేశాలూ, ప్రపంచబ్యాంకు మొదలైన సంస్థలూ కలిసి దానికి సమ్మతి తెలిపాయి. మా అధ్యయన వృందంలో విద్యార్థులతో కలిసి దానిని చదివాను. చదవడం పూర్తి కాకుండానే ఒక విద్యార్థి, "ఇది సామ్రాజ్యవాదులు పన్నిన వల. ఆ వల అల్లిక బాగున్నదా లేదా అని మనం చూడడమేమిటి మాస్టారూ?" అన్నాడు. పక్కనున్న అర్థశాస్త్రోపాధ్యాయ మిత్రులు, "సూత్రాలన్నీ మంచివే. అమలు జరపకపోవడమే లోపం గాని, సూత్రాలలో లోపమేమున్నదండీ?" అన్నారు. ఈ ఇద్దరితోనూ నేను ఏకీభవించలేకపోయాను. ఈ వ్యాసం ఆ ఇద్దరికీ సమాధానం.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. పారిస్ ప్రకటన చెప్పిన జబ్బు నిజమైన జబ్బే. పదిమంది చేతిలో పడ్డ పాము చావదని సామెత. దారిద్ర్యం అట్లాంటి పామే అయింది. ఒక పేద దేశంలో ఇరవై ప్రభుత్వాలూ, ముప్ఫై సంస్థలూ ఎవరి పథకం వారు నడుపుతారు. ఒకరి లెక్కల పద్ధతి ఇంకొకరికి పనికిరాదు. ఒకరి నివేదిక ఇంకొకరు ఒప్పరు. ప్రతివారూ తమ ప్రతినిధి బృందాన్ని తామే పంపుకొంటారు. 2007లో ఒక్క వియత్నాంకే ఇట్లాంటి బృందాలు 752 వెళ్ళాయి. పనిదినానికి సగటున మూడు! ఆసుపత్రుల సంగతీ, బడుల సంగతీ చూడవలసిన అధికారులు విమానాశ్రయానికీ, అతిథిగృహానికీ మధ్య తిరుగుతూ ఉంటే పాలన సాగేదెప్పుడు? సాయం పేరుతో వచ్చిన డబ్బులో కొంత సాయాన్ని చూపించుకోవడానికే ఖర్చయిపోతుంది.

ఈ జబ్బుకు పారిస్ ప్రకటన ఐదు మాటలతో మందు రాసింది. మొదటిది స్వామ్యం: అభివృద్ధి ప్రణాళిక పుచ్చుకొనే దేశానిదే కావాలి. రెండవది అనుసరణ: ఇచ్చేవారు ఆ ప్రణాళికనూ, ఆ దేశపు ఖజానా పద్ధతులనూ అనుసరించాలి. మూడవది సమన్వయం: ఇచ్చేవారు తమలో తాము పని పంచుకోవాలి. నాలుగవది ఫలితాలను బట్టి నడుచుకోవడం. ఐదవది పరస్పర జవాబుదారీ. ఈ మాటల వెనుక 56 వాగ్దానాలున్నాయి. వాటిని కొలవడానికి 12 సూచికలున్నాయి. 2010 నాటికి చేరవలసిన లక్ష్యాలున్నాయి.

మాటలు చాలా సొంపుగా ఉన్నాయి. ఐతే సొంపైన మాట దగ్గరే విమర్శకుడు ఆగి చూడాలి. నేను మూడుచోట్ల ఆగాను.

మొదటిచోటు: స్వామ్యం. దేశానికి స్వామ్యం ఉన్నదా లేదా అని కొలిచేదెట్లా? ఆ దేశానికి పనికివచ్చే అభివృద్ధి ప్రణాళిక ఉన్నదా లేదా అని చూస్తారు. మంచిదే. ఆ ప్రణాళికకు మార్కులు వేసేదెవరు? ప్రపంచబ్యాంకు. ఖజానా నిర్వహణకు మార్కులు వేసేదెవరు? మళ్ళీ ప్రపంచబ్యాంకే. అనగా ఇల్లు నీదేనని చెప్పి, నీదేనన్న ధ్రువపత్రం మాత్రం అప్పిచ్చినవాడి దగ్గర తెచ్చుకోమన్నట్లున్నది!

రెండవచోటు: ముడిపెట్టిన సాయం. డబ్బిచ్చి, ఆ డబ్బుతో సరుకులు మా దగ్గరే కొనాలనడం పాత అలవాటు. ఈ ముడి విప్పాలని ప్రకటన కూడా అంగీకరించింది. ఐతే తక్కిన చాలా సూచికలకు అంకెలు పెట్టినవారు దీనికి అంకె పెట్టలేదు. ఉమ్మడి బృందాలు 40 శాతం కావాలన్నారు. పనికివచ్చే ప్రణాళికలున్న దేశాలు 75 శాతం కావాలన్నారు. ముడి విప్పడం దగ్గరికి వచ్చేసరికి, కాలక్రమాన పురోగతి కొనసాగాలని ఊరుకున్నారు. ఇచ్చేవాడి సొంత కంపెనీ లాభానికి దెబ్బ తగిలేచోట అంకె మాయమైంది. గొంతు తగ్గించడమంటే ఇదే.

మూడవచోటు: పరస్పర జవాబుదారీ. పుచ్చుకొనే దేశం మాట తప్పితే సాయం ఆగుతుంది. ఇచ్చే దేశం మాట తప్పితే ఏం ఆగుతుంది? ఏమీ ఆగదు. శిక్ష ఒకవైపే ఉన్నప్పుడు పరస్పరమన్న మాటకు అర్థమేమిటి?

ఫలితం చూడండి. 2011లో వెలువడిన సర్వే ప్రకారం 13 లక్ష్యాలలో నెరవేరింది ఒకే ఒక్కటి. అదైనా సాంకేతిక సహకారాన్ని సమన్వయంతో అందించడమనే లక్ష్యం. ఆ తర్వాత అదే ఏడు దక్షిణ కొరియాలోని బుసాన్‌లో మరొక మహాసభ జరిగింది. చైనా, భారత్, బ్రెజిల్ వంటి దేశాలను కూడా కలుపుకొన్నారు. కాని ఆ దేశాలకు వాగ్దానాలు ఐచ్ఛికం మాత్రమే. గుడారం పెద్దదయింది, గుంజలు వదులయ్యాయి.

"చూశారా! అమలు జరగకపోవడమే లోపమని నేనన్నది ఇదే కదా" అంటారు నా అర్థశాస్త్ర మిత్రులు. అక్కడే మా అభిప్రాయభేదం. అమలు జరిగి ఉంటే ఏమయ్యేది? ఇచ్చేవారందరూ నిజంగా ఒక్కటైతే పుచ్చుకొనేవాడికి మేలేనా? దీనికి జవాబు ఊహించనక్కరలేదు. సమన్వయం 2005లో పుట్టిన మాట కాదు. దాని తొలి ప్రయోగాలలో ఒకటి మన దేశం మీదనే జరిగింది.

రెండవ పంచవర్ష ప్రణాళికలో మనకు విదేశీ మారకద్రవ్యం కరువైంది. అప్పుడు, 1958 ఆగస్టులో, ప్రపంచబ్యాంకు పిలుపుమీద అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, కెనడా, జపాన్ ఒకచోట చేరి భారత సహాయ కూటమిగా ఏర్పడ్డాయి. నేటి సమన్వయ పండితులు కోరే ఏర్పాటు అదే. అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చుకొనేవారు. ఆ కూటమి వల్ల డబ్బు వచ్చిన మాట నిజం. దానిని నేను కాదనను.

ఐతే ఆ కాలంలోనే ఇంకొక దృశ్యం కూడా ఉన్నది. భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్, రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్ సాయం చేశాయి. ఇందులో సమన్వయం లేదు, పోటీ ఉన్నది. బొకారోకు అమెరికా సాయం అడిగాం. ప్రభుత్వరంగంలో ఉక్కు కర్మాగారానికి మా డబ్బేమిటని అమెరికన్ కాంగ్రెసులో వ్యతిరేకత వచ్చింది. 1963లో మన ప్రభుత్వం ఆ అభ్యర్థనను ఉపసంహరించుకొన్నది. తర్వాత సోవియట్ సాయంతో బొకారో లేచి నిలబడింది. ఒక తలుపు మూసినప్పుడు తట్టడానికి ఇంకొక తలుపు ఉండబట్టి గదా అది సాధ్యమైంది!

తలుపులన్నీ ఒకే తాళంతో మూసినప్పుడు ఏమైందో 1966 చెబుతుంది. 1965 యుద్ధంతో అమెరికా సాయం ఆగింది. పైగా అనావృష్టి. గోధుమ ఓడలను అధ్యక్షుడు జాన్సన్ నెల నెలా లెక్కచూసి వదిలేవాడు. ప్రపంచబ్యాంకు పంపిన బెల్ బృందం రూపాయి విలువ తగ్గించాలని సలహా ఇచ్చింది. 1966 జూన్ 6న డాలరు ధర 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు పెరిగింది. అందుకు బదులుగా ఏటా 90 కోట్ల డాలర్ల సాయం వస్తుందన్న ఆశ చూపారు. మొదటి ఏడు గడిచాక ఆ మేరకు రాలేదు. విలువ తగ్గించడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ నిర్ణయం ఎవరి ఒత్తిడి మీద జరిగింది, మాట తప్పినవారికి ఏ శిక్ష పడింది అన్నవే ఇక్కడ మన ప్రశ్నలు.

ఇది ఢిల్లీ కథ అనుకుంటే, మన కథ కూడా ఒకటున్నది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును చీల్చారు. ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. బ్రిటిష్ ప్రభుత్వపు అంతర్జాతీయాభివృద్ధి శాఖ అదే కార్యక్రమానికి తోడు వచ్చింది. ఇచ్చేవారి మధ్య తగాదా లేదు. రాష్ట్ర ప్రభుత్వం తన సొంత కార్యక్రమమేనని ప్రకటించింది. చట్టసభ ఆమోదించింది. పారిస్ పండితులు అడిగే స్వామ్యమూ, అనుసరణా, సమన్వయమూ ఆ ప్రకటన పుట్టక ముందే ఇక్కడ ఉన్నాయన్నమాట. 2000లో చార్జీలు పెంచారు. ఊరూరా ఆందోళన లేచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు ఊరేగింపులో నడిచినవారికి ఆ సమన్వయం నీటిఫిరంగి రూపంలోనూ, తుపాకి రూపంలోనూ కనిపించింది. 2004లో ప్రభుత్వం మారింది. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీదనే కొత్త ప్రభుత్వపు తొలి సంతకం పడింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సమన్వయం దానంతట అది మంచీ కాదు, చెడూ కాదు. పగ్గం ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. ఇచ్చేవారు పగ్గం పట్టి తమను తాము సమన్వయపరచుకొంటే అది కూటమి అవుతుంది. పుచ్చుకొనేవారు పగ్గం పట్టి ఇచ్చేవారిని సమన్వయపరిస్తే అది సాయం అవుతుంది. పుచ్చుకొనేవారంటే ఆర్థికశాఖ కార్యదర్శి ఒక్కడే కాడు. కరెంటు బిల్లు కట్టే రైతూ, చేనేత కార్మికుడూ కూడా.

ఇది గాలిలో మేడ కాదు. ఆఫ్రికాలో బోట్స్వానా 1966లో స్వాతంత్ర్యం పొందేనాటికి ప్రపంచంలోని అతి బీద దేశాలలో ఒకటి. ఆ దేశపు ఆర్థిక, ప్రణాళికా శాఖ ఒక నియమం పెట్టుకొన్నది. తమ జాతీయ ప్రణాళికలో లేని పథకానికి ఎవరు డబ్బిస్తామన్నా పుచ్చుకోరాదు. ఏ దేశం ఏ పని చేయాలో పుచ్చుకొనే దేశమే చెప్పింది. తర్వాత వజ్రాల రాబడి తోడై ఆ ధైర్యానికి బలం చేకూర్చింది నిజమే. ఐనా నియమం ముందు, వజ్రాల సిరి తర్వాత అన్న సంగతి మరవరాదు.

2003లో మన ప్రభుత్వం కూడా కొద్ది దేశాల నుండి తప్ప తక్కినవారి ద్వైపాక్షిక సాయం ఇక వద్దన్నది. వద్దనగలిగినవాడికే గౌరవం దక్కుతుంది. అయితే మనం ఇచ్చేవారి వరుసలోకి మారినప్పుడు ఏం చేస్తున్నాం? మన ఎగుమతి, దిగుమతి బ్యాంకు ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాలకిచ్చే రుణాలలో సాధారణంగా 75 శాతం సరుకులూ సేవలూ మన దేశం నుండే కొనాలన్న షరతు ఉంటుంది. ఇతరుల ముడిని దుయ్యబట్టి మన ముడిని స్నేహమని పిలిస్తే అది అభ్యుదయం కాదు, ఆత్మవంచన.

ఇక వల అన్న విద్యార్థికి ఒక మాట. వలను తెంపాలన్న నీ ఆవేశం నాకర్థమవుతుంది. కాని తెంపేదెవరో చూడు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఒక్క ఉత్తర్వుతో నిలిపివేసింది. 1961 నుండి నడిచిన సహాయ సంస్థ ఆ ఏడు జులై 1 నాటికి మూతపడింది. బ్రిటన్ 2021లో తన వంతును జాతీయాదాయంలో 0.7 నుండి 0.5 శాతానికి తగ్గించింది. 2027 నాటికి 0.3కు దించుతామని 2025లో ప్రకటించింది. 0.7 శాతం అన్నది 1970లో ఐక్యరాజ్యసమితి సాధారణసభ పెట్టిన లక్ష్యమని జ్ఞాపకముంచుకో. వల తెగిందని మనం సంతోషించాలా? ఆఫ్రికాలో ఎయిడ్స్ మందులిచ్చే కేంద్రాలు మూతపడ్డాయి. ఆ ఉదయం తలుపు దగ్గర నిలబడ్డ తల్లి సామ్రాజ్యవాదం ఓడిపోయిందనుకోలేదు. తన మాత్ర తనకు హక్కు కాదనీ, వేరెవరో దయతలచి ఇచ్చిందనీ, ఆ దయ ఒక్క సంతకంతో పోతుందనీ తెలుసుకొన్నది.

పారిస్ ప్రకటనలోని లోతైన లోపం ఇదే. అది దయను చక్కగా అమర్చింది గాని హక్కుగా మార్చలేదు. దానిని తగలబెట్టమని నేననను. దానిని పట్టుకొని అడగమంటాను. ప్రతి ఒప్పందమూ ప్రజల భాషలో ముందుగా ప్రకటించాలని అడగాలి. చట్టసభలలోనూ, రైతుసంఘాలలోనూ, ఉపాధ్యాయ సంఘాలలోనూ చర్చ జరిగాకే సంతకం పడాలని అడగాలి. మాట తప్పిన దాతకు కూడా శిక్ష ఉండాలని అడగాలి.

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టరాదంటారు. ఆ ఆవు మెడకు కట్టిన తాడు కొస దాత చేతిలోనే ఉన్నప్పుడు, పళ్ళనే కాదు, తాడు పేటలను కూడా లెక్కపెట్టక తప్పదు.